విశ్వాసం, కుటుంబ నియంత్రణ: దంపతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము కతోలిక విశ్వాసులం. నాకు 31 ఏళ్లు. మా పిల్లలిద్దరూ సిజేరియన్ ద్వారానే పుట్టారు. రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు రక్తపోటు బాగా పెరిగి ప్రాణం మీదికి వచ్చింది. మళ్లీ గర్భం వస్తే ప్రమాదమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కాపర్-టి వేయించుకుంటానంటే, అది గర్భస్రావంతో సమానమనీ శ్రీసభ (కతోలిక సంఘం) బోధకు విరుద్ధమనీ మావారు ఒప్పుకోవడం లేదు. పోనీ కొన్ని రోజులు దూరంగా ఉందామంటే దానికీ ఆయన సిద్ధంగా లేరు. ప్రతి నెలా నెలసరి వచ్చేదాకా భయంతోనే గడుపుతున్నాను. ఆయనకు తెలియకుండా మాత్రలు వాడితే దేవుని ఎదుట దోషినవుతానా? దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) స్వీకరించే అర్హత నాకు ఉంటుందా?

జవాబు: ముందుగా ఒక హెచ్చరిక. గర్భనిరోధక మాత్రల్లో ఎక్కువ రకాల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. రక్తపోటు ఉన్నవారికి అవి సాధారణంగా పనికిరావు. గుండెకు, మెదడుకు ముప్పు తేవచ్చు. కాబట్టి మీవారికి చెప్పినా చెప్పకపోయినా, డాక్టరుకు చెప్పకుండా మాత్రం మాత్రలు మొదలుపెట్టకండి. మీ రక్తపోటు ఇప్పుడు ఎలా ఉందో చూసి మీకు ఏది సరిపోతుందో ఆమె చెప్పగలరు.

ఇక బోధ విషయానికి వద్దాం. మీవారు చెప్పిన దానిలో కొంత నిజం ఉంది. 1968 జులైలో ఆరవ పౌలు పాపుగారు (పోప్) వెలువరించిన ‘హ్యుమానే విటే’ అనే లేఖ మాత్రలను, కండోమ్‌లను, ఆపరేషన్‌ను, గర్భం రాకుండా చేసే కృత్రిమ పద్ధతులన్నిటినీ తప్పుగానే పరిగణించింది. ఆ నిర్ణయానికి ముందు ఈ విషయాన్ని పరిశీలించడానికి ఏర్పడిన సంఘంలో వైద్యులు, వేదాంతులతో పాటు వివాహిత దంపతులు కూడా ఉన్నారు. 1966లో ఆ సంఘంలో అధిక సంఖ్యాకులు బోధను సడలించవచ్చని సూచించినా పాపుగారు అంగీకరించలేదు. ఇంతవరకు మీవారి మాట సరైనదే. అయితే గర్భస్రావమూ గర్భనిరోధమూ ఒకటేనని ఆ లేఖ అనలేదు, వాటిని విడివిడిగానే పేర్కొంది. వైద్యపరంగా చూసినా కాపర్-టి చేసే ముఖ్యమైన పని, రాగి ప్రభావంతో వీర్యకణాలను నిర్వీర్యం చేసి అవి అండాన్ని చేరకుండా ఆపడమే. పద్ధతి తప్పని నమ్మే హక్కు ఆయనకు ఉంది కానీ, అది గర్భస్రావంతో సమానమన్న మాటతో మీ మనసును గాయపరచడం న్యాయం కాదు.

అదే లేఖలో మీవారు చదవవలసిన భాగాలు మరికొన్ని ఉన్నాయి. శరీర ఆరోగ్యం, ఆర్థిక స్థితి, మానసిక స్థితి, కుటుంబ పరిస్థితులు అన్నీ ఆలోచించి, బలమైన కారణం ఉన్నప్పుడు దంపతులు కొంతకాలం పాటు గానీ, ఎంతకాలమన్న పరిమితి లేకుండా గానీ కొత్త గర్భాన్ని వద్దనుకోవచ్చని పాపుగారు స్పష్టంగా రాశారు. దాన్నే ఆయన బాధ్యతగల తల్లిదండ్రుల ధర్మంగా చెప్పారు. ప్రాణాపాయం నుంచి బయటపడిన తల్లి ఆరోగ్యం కంటే బలమైన కారణం ఏముంటుంది? ఇంకా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. జీవిత భాగస్వామి స్థితినీ న్యాయమైన కోరికనూ లెక్కచేయకుండా బలవంతంగా జరిగే దాంపత్య కలయిక నిజమైన ప్రేమ కాదని ఆ లేఖే అంటుంది. కృత్రిమ పద్ధతులను కాదన్న ఆ చేతే ఈ మాట కూడా రాసిందని మీవారికి తెలియాలి. బోధలో తనకు అనుకూలమైన సగాన్ని పట్టుకుని, తననుంచి నిగ్రహాన్ని కోరే మిగతా సగాన్ని వదిలేస్తే, అది విశ్వాసం అనిపించుకోదని నా నమ్మకం.

శ్రీసభ అనుమతించిన మార్గం స్త్రీ శరీరంలో సహజంగా గర్భం రాని రోజులను గుర్తించి, మిగతా రోజుల్లో ఇద్దరూ దూరంగా ఉండటం. 1951లో పన్నెండవ పయస్ పాపుగారు మంత్రసానులతో మాట్లాడుతూ, తగిన కారణాలుంటే ఇది సమ్మతమేనని చెప్పారు. అండం విడుదలయ్యాక ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం లోపల ఐదు రోజుల వరకు బతకగలవు. అందువల్ల ప్రతి నెలా గర్భం వచ్చే అవకాశమున్న రోజులు దాదాపు ఆరు. వాటిని క్యాలెండరు మీద లెక్కబెట్టి ఊహిస్తే మోసపోతారు, ఎందుకంటే నెలసరి ఒక్కోసారి ముందుకో వెనక్కో జరుగుతుంది. పొద్దున్నే మంచం దిగకముందే, మాట్లాడకముందే, నీళ్లు తాగకముందే థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూసి చార్టులో రాసుకోవాలి. అండం విడుదలయ్యాక అది దాదాపు 0.2 డిగ్రీల సెల్సియస్ పెరిగి అక్కడే నిలబడుతుంది. దానితో పాటు యోని స్రావాన్నీ రోజూ గమనించాలి. అది పచ్చి గుడ్డులోని తెల్లసొనలా జారుడుగా, వేళ్ల మధ్య తెగకుండా సాగుతుంటే ఆ రోజులు గర్భం వచ్చే రోజులని అర్థం. నేర్పే మనిషి దగ్గర కొన్ని నెలలు కూర్చుని నేర్చుకోవాలి. ఎంత శ్రద్ధగా పాటించారన్న దాన్నిబట్టీ ఏ పద్ధతి ఎంచుకున్నారన్న దాన్నిబట్టీ ఈ పద్ధతులు వాడే 100 మంది స్త్రీలలో 2 నుంచి 23 మంది దాకా ఏడాదిలో గర్భం దాలుస్తారు. కాపర్-టి వాడేవారిలో ఒక్కరు కూడా ఉండరు, ఒకవేళ ఉన్నా ఒక్కరికి మించరు. మరో గర్భమే ప్రాణాపాయమైనప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

కనుక మీవారితో ఇలా మాట్లాడమని నా సలహా. బోధను పాటిద్దామని ఆయన నిజంగా కోరుకుంటే, దాని భారం ఆయన కూడా మోయాలి. రోజూ ఆ చార్టు ఆయనే రాయాలి, దూరంగా ఉండవలసిన రోజుల్లో ఆయనే ముందుగా దూరం జరగాలి, డాక్టరు దగ్గరికి మీతో పాటు వచ్చి ప్రమాదం ఏమిటో ఆమె నోటే వినాలి. కృత్రిమ పద్ధతీ వద్దు, నిగ్రహమూ వద్దు అంటే, ఆ విశ్వాసానికి మీ ప్రాణాన్ని మూల్యంగా చెల్లించమన్నట్టే. అలాంటప్పుడు మీ శరీరాన్ని మీరు కాపాడుకోవడం ద్రోహమని నేను అనలేను. రహస్యంగా కాకుండా చెప్పే చేయండి. అయితే చెబితే మీకు హాని జరుగుతుందన్న భయం ఉంటే, ముందు మీ క్షేమమే చూసుకోండి.

దివ్యసత్ప్రసాదం గురించి మీరు పడుతున్న ఆవేదన నాకు అర్థమైంది. ఒంటరిగా తీర్పు రాసుకోకండి. అనుభవమున్న గురువు దగ్గర పాపసంకీర్తనంలో (పాపాలను ఒప్పుకునే సంస్కారంలో) ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ప్రాణాపాయం, భర్త నిరాకరణ, భయం, అన్నీ. ఆ లేఖ వచ్చిన 1968లోనే కెనడా కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు), చిత్తశుద్ధితో ప్రయత్నించి కూడా పరస్పరం ఢీకొనే బాధ్యతల మధ్య చిక్కుకున్న దంపతులు తమకు సరైనదని నిజాయతీగా తోచిన మార్గాన్ని ఎంచుకుంటే, వారు మంచి మనస్సాక్షితోనే నడుచుకున్నట్టని భరోసా ఇచ్చారు. ఆ ప్రకటన మీద శ్రీసభలో వాదోపవాదాలు ఉన్న మాట నిజమే. అయినా మీ వంటి స్థితిలో ఉన్న స్త్రీని గురువులందరూ కఠినంగానే చూస్తారని ముందే అనుకోనవసరం లేదు.

ప్రశ్న: మేము ముస్లిం దంపతులం. ఏడాది వయసున్న బాబు ఉన్నాడు. ఇంకో రెండేళ్లు ఆగుదామంటే, రిజ్క్ (జీవనోపాధి) ఇచ్చేవాడు అల్లాహ్ అయినప్పుడు ఆపడం పాపం కాదా అని పెద్దలు అంటున్నారు.

జవాబు: దారిద్ర్య భయంతో సంతానాన్ని చంపవద్దన్న ఖుర్ఆన్ వాక్యాన్ని (17:31) పెద్దలు మనసులో పెట్టుకుని ఉండవచ్చు. అది పుట్టిన బిడ్డల గురించిన ఆజ్ఞ. గర్భం రాకుండా జాగ్రత్తపడటం గురించి హదీసులో, అంటే ప్రవక్త మాటలు, ఆచరణల వృత్తాంతాల్లో, వేరే ఆధారం ఉంది: ఖుర్ఆన్ అవతరిస్తున్న కాలంలోనే తాము అజ్ల్, అంటే వీర్యాన్ని బయట విడిచే పద్ధతిని పాటించేవాళ్లమని ప్రవక్త సహచరుడు జాబిర్ చెప్పిన మాట బుఖారీ, ముస్లిం సంకలనాల్లో ఉంది. 1111లో కన్నుమూసిన ఇస్లాం పండితుడు ఇమామ్ గజాలీ భార్య ఆరోగ్యాన్నీ, పిల్లలు ఎక్కువైతే కలిగే ఇక్కట్లనూ అంగీకారయోగ్యమైన కారణాలుగా చెప్పి, అజ్ల్ గర్భస్రావం వంటిది కాదని కూడా వివరించారు. భార్య సమ్మతి లేనిదే అజ్ల్ చేయరాదని చాలామంది న్యాయవేత్తలు అన్నారు. దీన్నిబట్టి నిర్ణయంలో భార్య మాటకూ స్థానం ఉందని గ్రహించండి. తాత్కాలిక పద్ధతులను ఈనాటి ఉలమాలలో (ఇస్లాం పండితులలో) ఎక్కువమంది అనుమతిస్తారు. శాశ్వతంగా సంతానం కలగకుండా చేసే ఆపరేషన్‌ను మాత్రం వైద్యపరమైన అవసరం ఉంటే తప్ప ఒప్పుకోరు. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విషయం కూడా పెద్దలకు గౌరవంగా చెప్పండి.

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. నేను వేసెక్టమీ (మగవారికి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుంటానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. హిందూ ధర్మానికి విరుద్ధమనీ, మగవాడికి సత్తువ పోతుందనీ ఆమె భయం.

జవాబు: అందరూ పాటించి తీరవలసిన ఆజ్ఞను జారీచేసే ఏకైక పీఠం హిందూ మతంలో లేదు. సంతానం వల్ల పితృఋణం తీరుతుందన్న సంప్రదాయాన్ని మీరు ఇప్పటికే నెరవేర్చారు. గాంధీజీ కృత్రిమ పద్ధతులను వ్యతిరేకించారు, 1935లో కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్‌తో వార్ధాలో జరిగిన సంభాషణలోనూ ఆత్మనిగ్రహాన్నే సమర్థించారు. కానీ అది ఆయన నియమం, మతాజ్ఞ కాదు. ఇక సత్తువ మాట: వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే నాళాలను మాత్రమే మూసివేస్తారు. పురుష హార్మోను, కోరిక, సామర్థ్యం ఎప్పటిలాగే ఉంటాయి. భార్యకు చేసే ఆపరేషన్‌తో పోలిస్తే ఇది చాలా చిన్నది, తేలికగా కోలుకునేది. ఇంత భారం మీరే మోస్తానని ముందుకు రావడం ఎంతో అభినందనీయం. ఒక్క జాగ్రత్త మరవకండి: నాళాల్లో మిగిలిన కణాలు పోయేదాకా దాదాపు మూడు నెలలు మరో పద్ధతి వాడాలి, ఆ తర్వాత పరీక్ష చేయించుకుని కణాలు లేవని నిర్ధారించుకున్నాకే దాన్ని ఆపాలి.