రిటర్న్ డక్ట్ ఇరుకైతే ఫ్యాన్ ఏం చేస్తుంది?

ప్రశ్న: మా కార్యాలయంలోని సమావేశ మందిరంలో, ఫాల్స్ సీలింగ్ పైన, చిల్డ్ వాటర్‌తో పనిచేసే ఫ్యాన్ కాయిల్ యూనిట్ (చల్లని నీరు పారే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, మీదుగా ఫ్యాన్‌తో గాలిని తోసి గదిని చల్లబరిచే యంత్రం) ఒకటి ఉంది. మొదట అది సీలింగ్ పైనున్న ఖాళీలోంచే గాలిని తీసుకునేది. గదిని కొత్తగా అలంకరించినప్పుడు రెండు మలుపులున్న రిటర్న్ డక్ట్ (గది గాలిని యూనిట్‌కు వెనక్కి తెచ్చే రేకు గొట్టం) వేసి, ఒక మూల గోడలో గ్రిల్ అమర్చారు. అప్పటినుంచి బయటికి వచ్చే గాలి మునుపటికంటే చల్లగా ఉంటోంది గాని గది మాత్రం చల్లబడడం లేదు. చల్లని గాలి గదిలోకి వచ్చే సప్లై గ్రిల్ అంచుల్లో నీటి బొట్లు కూడా కనిపిస్తున్నాయి. మెకానిక్ మోటారు కరెంటు కొలిచి, అది ఎక్కువగా లేదు కాబట్టి ఫ్యాన్‌లో లోపం లేదన్నారు. కాయిల్‌కు నీరు వదిలే వాల్వ్ మార్చినా ఫలితం లేకపోయింది. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నిటికీ ఒకే కారణం సరిపోతుంది: కాయిల్ మీదుగా వెళ్లే గాలి తగ్గిపోయింది. కాయిల్‌లోకి సుమారు 7 డిగ్రీల నీరు ఎప్పటిలాగే వస్తోంది, కాని దాని మీదుగా వెళ్లే గాలి తక్కువ కావడం వల్ల ఆ కాస్త గాలి ఎక్కువసేపు కాయిల్‌ను తాకి మరింత చల్లబడి బయటికి వస్తోంది. చేతికి అది బాగా చల్లగా తగులుతుంది. అయితే గదిలోంచి తీసివేసే వేడి గాలి చల్లదనం మీద మాత్రమే కాక గాలి పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి మొత్తం మీద నష్టమే మిగులుతుంది. నీటి బొట్లు కూడా ఆ అతిచల్లని గాలి వల్ల గ్రిల్ లోహం గది గాలి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే కిందికి పడిపోవడంతో ఏర్పడుతున్నవే. వీలైతే యూనిట్‌లోంచి తిరిగి వెళ్లే నీటి ఉష్ణోగ్రత చూడండి. 12 డిగ్రీల దగ్గర ఉండవలసిన నీరు 9 లేదా 10 డిగ్రీల దగ్గరే వెనక్కి వెళ్తుంటే నీటి కొరత లేదని, వాల్వ్ మార్పించడం వృథా ఖర్చేనని తేలిపోతుంది.

ఇక మోటారు కరెంటు సంగతి. ఇక్కడే చాలామంది పొరపడతారు. గాలి దారి మూసుకుపోతే ఫ్యాన్ కష్టపడుతుందని, కరెంటు ఎక్కువ లాగుతుందని అనుకోవడం సహజమే. కాని ఈ యూనిట్లలో సాధారణంగా ఉండే, ముందుకు వంగిన రెక్కల బ్లోయర్ తోసే గాలి ఎంత తగ్గితే మోటారు మీద భారం అంత తగ్గుతుంది. అందువల్ల కరెంటు తక్కువగా ఉండడం యూనిట్ ఆరోగ్యానికి గుర్తు కాదు సరికదా, మీ విషయంలో అది రోగ లక్షణమే కావచ్చు. గాలి పరిమాణాన్ని తగ్గకుండా నిలుపుకొనేలా అమర్చిన ఈసీ మోటారు (తన వేగాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్చుకునే మోటారు) ఉంటే మాత్రం కథ తిరగబడుతుంది. అది వేగం పెంచుకుంటూ పోయి, గాలి కొరతను శబ్దంగానూ కరెంటు వాడకంగానూ బయటపెడుతుంది.

అసలు రెండు మలుపులు ఇంత పని చేస్తాయా అన్న సందేహం మీకు రావచ్చు. ఒక ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం. గంటకు 1000 ఘనమీటర్ల గాలి ఇవ్వవలసిన యూనిట్‌కు 300 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న రిటర్న్ డక్ట్ వేశారనుకుందాం. అందులో గాలి వేగం సెకనుకు 4.6 మీటర్లు. ఆ వేగం వర్గాన్ని 0.6తో హెచ్చిస్తే వచ్చే వేగపీడనం (కదిలే గాలికి దాని వేగం వల్ల ఉండే పీడనం) దాదాపు 13 పాస్కల్‌లు. లోపల వేన్లు (గాలిని మళ్లించే వంపు రేకులు) లేకుండా లంబకోణంలో మడిచిన మలుపు ఒక్కొక్కటి వేగపీడనానికి సుమారు 1.2 రెట్లు తినేస్తుంది, అంటే రెండు మలుపులకే 31 పాస్కల్‌లు ఖర్చవుతాయి. సీలింగ్‌లో దాచే ఇలాంటి యూనిట్లను తరచుగా 30 లేదా 50 పాస్కల్‌ల ఎక్స్‌టర్నల్ స్టాటిక్ ప్రెషర్‌కే (యూనిట్ బయటి అడ్డంకులను దాటడానికి ఫ్యాన్ ఇవ్వగల పీడనానికే) తయారుచేస్తారు. ఆ మొత్తంలోంచే సప్లై డక్ట్‌కు, రెండు వైపుల గ్రిల్స్‌కు వాటా దక్కాలి. తయారీదారు పరీక్షించినప్పుడు ఫిల్టర్ లేకపోతే దానికీ అందులోంచే ఇవ్వాలి. అంత పీడనం ఫ్యాన్ దగ్గర లేదు కాబట్టి అది తక్కువ గాలి దగ్గర సర్దుకుంటుంది.

అదే డక్ట్‌ను 450 మిల్లీమీటర్ల వెడల్పు, 250 మిల్లీమీటర్ల ఎత్తుకు పెంచితే వేగం 2.5 మీటర్లకు దిగుతుంది, రెండు మలుపుల నష్టం 9 పాస్కల్‌లకు లోబడుతుంది. నష్టం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టే వైశాల్యం రెట్టింపు కాకముందే నష్టం మూడో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. శబ్దం తగ్గుతుందని డక్ట్ లోపల 25 మిల్లీమీటర్ల మందం పొర అంటించే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి డక్ట్‌లో ఆ పని చేస్తే మిగిలే దారి 250కి 150 మిల్లీమీటర్లే, అంటే వైశాల్యంలో 37 శాతానికి పైగా పోయినట్టే. పొర వేయదలిస్తే రేకు కొలతను ముందే ఆ మేరకు పెంచి చేయించాలి. ఫ్లెక్సిబుల్ డక్ట్ వాడితే దాన్ని పూర్తిగా సాగదీసి బిగించాలి. ముడతలతో వదిలేసినా, వేలాడనిచ్చినా నష్టం కొన్ని రెట్లు పెరుగుతుంది.

పీల్చే వైపు, ఊదే వైపు జరిగే నష్టాలను ఫ్యాన్ వేరువేరుగా చూడదు, రెంటినీ కలిపే మోస్తుంది. అయినా డిజైన్ చేసేవారు సప్లై వైపు శ్రద్ధగా లెక్కలు వేసి, రిటర్న్‌ను మాత్రం మిగిలిన చోటులో ఇరికించేస్తుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం. ఈ రకం యూనిట్లలో ఎక్కువ వాటికి ఫ్యాన్ కాయిల్‌కు వెనుక ఉండి, రిటర్న్ గాలి నేరుగా బ్లోయర్ నోట్లోకే వెళ్తుంది కాబట్టి రిటర్న్ వైపు మలుపు పీడనాన్ని తినడంతో ఆగదు, ఫ్యాన్ పనితీరునే చెడగొడుతుంది. మలుపును యూనిట్‌కు ఆనించి బిగిస్తే గాలి సుడి తిరుగుతూ లోపలికి వస్తుంది. ఆ సుడి బ్లోయర్ తిరిగే దిక్కునే ఉంటే ఫ్యాన్ ఇచ్చే పీడనం తగ్గుతుంది, ఎదురు దిక్కున ఉంటే అదనపు విద్యుత్తు ఖర్చవుతుంది. ఒకే మోటారుకు రెండు వైపులా రెండు బ్లోయర్లున్న యూనిట్‌లో గాలి పక్కనుంచి వస్తే రెండింటికీ సమానంగా అందదు. అప్పుడు కాయిల్ సగం మీద గాలి జోరుగానూ, మిగతా సగం మీద నామమాత్రంగానూ వీస్తుంది. కేటలాగులోని అంకెలు తిన్నగా, నెమ్మదిగా లోపలికి వచ్చే గాలితో కొలిచినవి కాబట్టి ఈ నష్టం ఏ డక్ట్ లెక్కలోనూ కనబడదు.

లోపం రిటర్న్‌లోనే ఉందని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. యూనిట్ ఆపి, ఫిల్టర్‌ను దాని చోటులోనే ఉంచి, యూనిట్‌కు ఆనుకొని ఉన్న రిటర్న్ డక్ట్ మూతను తెరిపించి, చేతులు దూరంగా ఉంచి, కొద్ది నిమిషాలు నడపండి. సప్లై గ్రిల్ దగ్గర గాలి ఒక్కసారిగా పుంజుకుంటే జవాబు దొరికినట్టే. అంకెలు కావాలంటే ఫిల్టర్‌కు, ఫ్యాన్‌కు మధ్య సన్నని రంధ్రం చేసి, గది గాలితో పోల్చి మానోమీటర్‌తో పీడనం కొలవాలి. అదే కొలత ఫిల్టర్‌కు ముందు కూడా తీసుకుంటే ఫిల్టర్ వాటా ఎంతో, డక్ట్ వాటా ఎంతో విడిగా తెలుస్తుంది.

సవరించేటప్పుడు ముందుగా యూనిట్ వెనుక వీలైనంత పెద్ద ప్లీనం బాక్స్ (డక్ట్‌కు, యూనిట్‌కు మధ్య ఉండే ఖాళీ పెట్టె) పెట్టించి, గాలి అందులో నెమ్మదించాక బ్లోయర్‌ను చేరేలా చూడండి. డక్ట్ వెడల్పు పెంచే వీలు లేకపోతే మలుపులను గుండ్రంగా చేయించండి, చోటు లేనిచోట టర్నింగ్ వేన్లు పెట్టించండి. రెండో గ్రిల్‌తో మరో దారి తెరిస్తే ఇంకా మంచిది. ఫ్యాన్ వేగం పెంచడం ఆఖరి మార్గం మాత్రమే. ఉన్న డక్ట్‌లోంచే 10 శాతం ఎక్కువ గాలి లాగాలంటే పీడనం 21 శాతం, విద్యుత్తు సుమారు 33 శాతం పెరగాలి. శబ్దం ఎలాగూ పెరుగుతుంది.

ప్రశ్న: అయితే రిటర్న్ డక్ట్ తీసేసి, సీలింగ్ పైనున్న ఖాళీలోంచే గాలి తీసుకుంటే సరిపోతుంది కదా?

జవాబు: ఫ్యాన్ కోణంలోంచి చూస్తే సరిపోతుంది. ఖాళీ విశాలంగా ఉంటే గాలి నెమ్మదిగా కదులుతుంది, నష్టం దాదాపు ఉండదు. అయితే పైన ఎండకు వేడెక్కిన స్లాబ్ ఉంటే ఆ వేడిని, దీపాల వేడిని, అక్కడి దుమ్మును యూనిట్ తనతో లాక్కుంటుంది. పక్క గదికీ మీ గదికీ మధ్య గోడ సీలింగ్ దగ్గరే ఆగిపోయి ఉంటే మీ యూనిట్ పక్క గది గాలినే పీల్చవచ్చు. మీ గది గాలి మాత్రం బయటికి వెళ్లే దారి లేక తలుపు సందుల్లోంచి తోసుకుపోతుంది. లోతైన దూలం కింది అంచుకు, సీలింగ్‌కు మధ్య వేళ్లు పట్టేంత సందే ఉంటే అదీ ఒక ఇరుకు డక్టే. అగ్నిమాపక నియమాలు అక్కడి కేబుళ్లకు, ఇన్సులేషన్‌కు వేరే షరతులు పెడతాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి. ఇవన్నీ సరిచూశాక ఖాళీ పొడిగా, మూసి ఉన్నట్టు తేలితే, ఇరుకైన డక్ట్ కంటే దాన్నే నేను ఎంచుకుంటాను.

ప్రశ్న: రిటర్న్ గ్రిల్‌ను గదిలో ఎక్కడ పెడితే గాలి బాగా తిరుగుతుంది?

జవాబు: గదిలో గాలి తిరగడాన్ని నిర్ణయించేది ప్రధానంగా సప్లై గ్రిల్. ఊదిన గాలి, ఆ రంధ్రం వ్యాసానికి 30 రెట్ల దూరం పోయాక కూడా మొదటి వేగంలో సుమారు పదో వంతు నిలుపుకుంటుంది. పీల్చే రంధ్రం ముందు అదే తగ్గుదల ఒక్క వ్యాసం దూరంలోనే జరిగిపోతుంది. నోటితో ఊది దీపాన్ని ఆర్పగలం గాని పీల్చి ఆర్పలేం, రెంటికీ ఉన్న తేడా అదే. కాబట్టి గదిలో మూల వెతకడం కంటే, డక్ట్ పొట్టిగా, తక్కువ మలుపులతో వచ్చే చోటు చూడడమే లాభం. అయితే సప్లై గాలి నేరుగా తగిలే చోట మాత్రం రిటర్న్ గ్రిల్ పెట్టకూడదు. చల్లని గాలి గదిలో తిరగకుండానే వెనక్కి వెళ్లిపోతుంది, పైగా థర్మోస్టాట్ సెన్సర్ రిటర్న్ వైపు ఉంటే గది చల్లబడిందనుకుని వాల్వ్ మూసేస్తుంది. రెండు గదుల నుంచి ఒకే రిటర్న్ డక్ట్ తెస్తే ప్రతి శాఖలోనూ డ్యాంపర్ (గాలి దారిని తగ్గించే, పెంచే రేకు) పెట్టించి, యూనిట్‌కు దగ్గరలో ఉన్న శాఖను కొంత బిగించాలి.