స్టీల్ కోయించే ముందు

అమ్మడూ,

నువ్వు ఉద్యోగం మానేసి, బోరు మోటార్లకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ తయారు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ రోజంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ మా మేనకోడలు అని గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే సాయంత్రానికి సరిచేసి పంపేస్తారు. పొలంలో బిగించిన డబ్బాను అలా సరిచేయలేవు.

మీ సాఫ్ట్‌వేర్ వాళ్ల స్ప్రింట్లు, అంటే పనిని రెండేసి వారాల ముక్కలుగా చేసుకోవడం, ఇక్కడ పనికిరావని నేననను. 1986లో టకెయుచి, నోనాకా అనే జపాన్ ప్రొఫెసర్లు కెనాన్ కెమెరా, ఫూజీ జిరాక్స్ కాపియర్, హోండా కారు తయారైన తీరు చూసి, రగ్బీ జట్టులా అందరూ ఒక్కటై కదిలారని రాశారు. మీ పద్ధతికి స్క్రమ్ అనే రగ్బీ పేరు అక్కడి నుంచే వచ్చింది.

కానీ రెండు వారాలకోసారి కొత్త వస్తువు చేతికి రాదు. ఒక ప్రశ్నకు జవాబు రావాలి, అంతే. బోరు దగ్గర సిగ్నల్ అందుతుందా? ఒక ఫేజు పోతే మోటారు కాలకముందే ఆగుతుందా? చీమలు, బల్లులు డబ్బాలోకి ఎటునుంచి దూరుతాయి? ఒక్కోదానికి ఒక్కో చిన్న నమూనా చాలు, అట్టతో చేసినా సరే. సర్క్యూట్ బోర్డులు కొన్నే చేయించు. పార్టులకు రెండో సప్లయర్‌ను ముందే చూసుకో. హైదరాబాద్ రాయదుర్గంలో నమూనాలు చేసుకునే వర్క్‌షాప్ టీ-వర్క్స్ ఉంది, వాడుకో.

ఇక మోల్డ్ సంగతి, అంటే కరిగిన ప్లాస్టిక్ పోసి డబ్బాలు తీసే స్టీల్ అచ్చు. ఇది నిదానంగా చదువు.

బాలానగర్‌లో నేను పనిచేసిన ఒక చోట యజమాని ఎగ్జిబిషన్ తొందరలో, డిజైన్ ఇంకా తేలకుండానే స్టీల్ కోయించాడు. ఏబీఎస్ ప్లాస్టిక్ లెక్కతో చేసిన మోల్డ్ అది. చల్లారేటప్పుడు ఏబీఎస్ సుమారు అర శాతం కుంచించుకుంటుంది. తర్వాత ఖర్చు తగ్గుతుందని అదే మోల్డ్‌లో పాలీప్రొపిలీన్ అనే ఇంకో ప్లాస్టిక్ పోయించాడు. అది ఒకటిన్నర శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. 200 మిల్లీమీటర్ల డబ్బాలో రెండు మిల్లీమీటర్ల తేడా! బోర్డుకు స్క్రూలు పట్టలేదు. మూత వంకరపోయింది. నీళ్లు చొరకుండా మూత కింద పెట్టే రబ్బరు గాస్కెట్ ఒకవైపు నొక్కుకుంటే ఇంకోవైపు లేచింది. మొదటి వానకే నీళ్లు లోపలికి వెళ్లాయి. వద్దని మా టూల్‌మేకర్ ముందే మొత్తుకున్నాడు. తర్వాత ఆయన చేతే వెల్డింగ్ పెట్టించి మళ్లీ కోయించారు. అదీ నిలవలేదు. ఆఖరికి మోల్డ్ తుక్కు కింద పోయింది. అప్పటికే ఇల్లు తాకట్టులో ఉంది. యజమాని భార్య గాజులు అమ్మి ఆ నెల మా జీతాలిచ్చారు. ఆ డబ్బు తీసుకోవడానికి చెయ్యి రాలేదు, కానీ తీసుకున్నాం. ఇంట్లో పిల్లలున్నారు కదా.

ఎప్పుడైనా మార్చుకోవచ్చులే అన్న ధైర్యం మీకు అలవాటు. నా భయమంతా అదే. స్టీల్‌ను కోసి తీయడం తేలిక, పోయినచోట మళ్లీ పెట్టడం కష్టం. కాబట్టి తేలని కొలత దగ్గర స్టీల్ ఎక్కువే ఉంచమను. అసలు మొదటి యాభై డబ్బాలకు మోల్డే వద్దు. ట్రూప్ బజార్‌లో రెడీమేడ్ డబ్బాలు కొని కన్నాలు వేసుకో. అందంగా లేవని రైతు ఏమీ అనుకోడు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పొలంలోనే గడవనీ. ఆ రెండింటినీ ఏ స్ప్రింటూ ముందుకు జరపలేదు. త్రీడీ ప్రింట్ చేసిన పీఎల్ఏ ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఎండలో పెట్టకు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి.

చిన్నప్పుడు నా వెర్నియర్ లాక్కుని ఇంట్లో పెన్సిళ్లన్నీ కొలిచేదానివి. ఆ పిల్లకు ఇవన్నీ చెప్పాలా అనిపిస్తుంది. అయినా చెప్తాను.

ఇంకొకటి, ఇది బతిమాలుతున్నాను. అవి 415 వోల్టులు తల్లీ. రైతు మోటారు మీద చెయ్యి పెట్టి ఉన్నప్పుడు ఊళ్లో కొడుకు ఫోన్ నొక్కితే? మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశాక ఏ ఫోనూ, ఏ అప్‌డేటూ మోటారును తిప్పలేకుండా ఉండాలి. ప్రోగ్రామ్‌లో షరతు రాస్తే సరిపోదు, కరెంటు దారే తెగి ఉండాలి. దీన్ని తర్వాతి స్ప్రింట్‌కి వాయిదా వేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

మోల్డ్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు డ్రాయింగ్ నాకు పంపు. డబ్బు ఇబ్బంది అయితే వడ్డీకి తేకు, మొహమాటపడకుండా నన్నడుగు. మీ అమ్మకు చెప్పనులే.

నీ మావయ్య