డోర్ ప్యాడ్ల సంగతి

అమ్మలూ, ఆశీస్సులు.

1972 అంబాసిడర్ మార్క్ 2 కారుకి నాలుగు డోర్ ప్యాడ్లూ, అంటే తలుపుల లోపలివైపు బిగించే రెగ్జిన్ తొడిగిన అట్టలు, నువ్వే చేస్తానన్నావట. ఆటోనగర్‌లో ఇచ్చేద్దామని మీ నాన్న అంటే ససేమిరా అన్నావట. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే గుబులు పట్టుకుంది. ఆ కారు విజయవాడ సింగ్ నగర్‌ది, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నిలబడ్డది.

పాత ప్యాడ్లు పారెయ్యకు, అవే నీ కొలతలు. తడిసినవి ఉబ్బి ఉంటాయి కనుక అంచుల గీత, క్లిప్పుల బెజ్జాలు డోర్ మీద పెట్టి సరిచూసుకో. ఎడమ, కుడి అని వెనకాల సుద్దతో రాసుకో. హ్యాండిళ్లు పిన్నుతో బిగించారో స్క్రూతో బిగించారో చూశాకే విప్పు, స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నకు.

ఇక నీళ్లు. తరతరాలుగా అందరూ చేసే తప్పు ఇదే. గ్లాసు పక్కన రబ్బరు కొత్తది వేశాం, ఇంక నీళ్లెలా వస్తాయనుకుంటారు. వస్తాయి తల్లీ. గ్లాసు మీద పడ్డ వాన రబ్బరు సందులోంచి డోర్ లోపలికి దిగి, అడుగున ఉన్న బెజ్జాల్లోంచి బయటికి పోవాలి. డోర్ కట్టడమే అలాంటిది. ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటు చిరిగిపోయి కనపడితే చెత్త అని పీకేస్తారు. ఒక్క వానాకాలానికి అట్ట కింది అంచు అప్పడంలా ఉబ్బుతుంది, క్లిప్పులు ఊడతాయి, రెగ్జిన్ లేస్తుంది. అప్పుడు జిగురు మంచిది కాదని జిగురుని తిడతారు.

నీ కారుకి ఇంకో చిక్కు, వరద ఒండ్రు. అడుగు బెజ్జాల్లో గట్టిపడి ఉంటుంది. తీగతో పొడిచి, పైపు పెట్టి కడిగి, గ్లాసు మీద బయటినుంచి చెంబెడు నీళ్లు పొయ్యి. కింద ధార కట్టాలి. కట్టకపోతే ప్యాడ్ మాటే ఎత్తకు. లోపల తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి ఆరనివ్వు. తర్వాత 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) చుట్టూ అంటించు. కింది అంచు మాత్రం డోర్ లోపలికి దోపాలి. బయటికి వదిలితే నీళ్లు తిన్నగా ప్యాడ్ వెన్ను మీదికే జారతాయి. హ్యాండిల్ ఇరుసు దగ్గర చిన్న గాటు చాలు, పెద్ద కిటికీ కొయ్యకు.

అట్ట వద్దు, 3 లేక 4 మి.మీ. మెరైన్ ప్లై తీసుకో. బెజ్జాలు కోశాక వెనక వైపుకీ, అంచులకీ, ప్రతి బెజ్జం లోపలికీ రెండు పూతల వార్నిష్. ముందువైపు జిగురు పట్టాలి, దాన్ని వదిలెయ్యి.

ప్లైకీ రెగ్జిన్‌కీ మధ్య ఫోమ్ 6 మి.మీ. మించొద్దు. మందమైతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా రెగ్జిన్ గీసుకుంటుంది. ఇరుసు చుట్టూ రూపాయి బిళ్ల కంటే పెద్ద గుండ్రం ఫోమ్ కోసెయ్యి. రెగ్జిన్ 54 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు చాలు, నాలుగు ప్యాడ్లకీ గరుకు ఒకే దిక్కు ఉండాలి. గీతలు కుడితే కుట్టు 4 మి.మీ. తగ్గకూడదు. మరీ దగ్గరైతే తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది. నూలు దారం వద్దు, పాలిస్టర్ దారం వాడు. కుట్టాక గుడ్డ ముడుచుకుంటుంది కనుక ముందే చుట్టూ రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచి, కుట్టయ్యాకే కోతకి గీత గియ్యి.

జిగురు ఫెవికాల్ ఎస్.ఆర్. 998. అంటుకోవాల్సిన రెండు ముఖాలకీ పల్చగా పూసి, వేలికి అంటనంత వరకూ ఆగి, మధ్య నుంచి అంచులకి నొక్కుతూ రా. ముసురు రోజున పూయకు, చెమ్మ దిగితే పట్టదు. ఒక్క మాట, ఇంట్లో మాత్రం పూశావంటే ఊరుకోను. దాని ఆవిరికి మంటంటుకుంటుంది, మీ అమ్మ పూజగదిలో దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. డాబా మీద చేసుకో, నా బంగారూ.

అంచులు వెనక్కి మడిచి జిగురుతో పాటు స్టేపుల్ కూడా కొట్టు. మే ఎండకి మూసిన కారులో జిగురు మెత్తబడుతుంది. స్టేపుల్ కాలు ప్లై మందం కంటే పొడుగైతే ముందుకి పొడుచుకొస్తుంది, ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడు.

మొదట వెనక డోర్ ఒక్కటి చెయ్యి. షీటు అంటించాక, ప్యాడ్ బిగించక ముందే ఫొటో తీసి పంపు. కింది అంచు కనపడాలి.

మీ పెదనాన్న