పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి ఫొటోలు మారిస్తే తేదీలన్నీ కలగాపులగం అవుతున్నాయి, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏడేళ్ళ ఫొటోలు, దాదాపు 12,000. వీడియోలతో కలిపి 60 జీబీ. కొత్తది కూడా ఆండ్రాయిడే. వాట్సాప్‌లో పంపుకుంటే మసకబారుతున్నాయి. కంప్యూటర్ మీదుగా కేబుల్‌తో ఎక్కిస్తే కొన్ని సరిగ్గా వచ్చాయి, కొన్ని మాత్రం ఈ రోజు తీసినట్టు గ్యాలరీలో పైకి వచ్చి కూర్చున్నాయి.

ఈ పని ఎన్నో ఫోన్లకి చేశాక నాకు స్థిరపడ్డ పద్ధతి ఒకటే. ఫొటోని షేర్ చేయకండి, ఫైల్‌ని కాపీ చేయండి. కాపీ అంటే కాపీయే, కట్ వద్దు. అన్నీ వచ్చాయని లెక్క చూసుకునేదాకా పాత ఫోన్‌లో ఒక్కటి కూడా చెరపకండి.

ముందు మసకబారడం సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ళ ప్రాంతానికి కుదించుకుపోతుంది. 12 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 4000 × 3000 ఉంటుంది. అది 1600 × 1200 అయితే మిగిలేది దాదాపు ఆరో వంతు. హెచ్‌డీ అని నొక్కితే కొంత నయం, అంతే. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. ఫొటో తీసిన తేదీ, సమయం, చోటు ఫైల్ లోపలే రాసి ఉంటాయి. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. వాట్సాప్ ఫొటోగా పంపినప్పుడు ఆ రాతంతా చెరిగిపోతుంది. ఒకటి రెండు ఫొటోలే పంపాల్సి వస్తే అటాచ్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్'గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. 12,000 ఫొటోలకి అది దారి కాదు.

ఇప్పుడు తేదీల సంగతి. మీ అసలు తలనొప్పి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గ్యాలరీ ఒక ఫొటోని ఏ తేదీ కింద పెట్టాలో చూసేటప్పుడు ముందు ఎగ్జిఫ్‌లోని 'తీసిన తేదీ' వెతుకుతుంది. అది లేకపోతే ఫైల్ చివరిసారి మారిన తేదీ తీసుకుంటుంది. మీ కెమెరాతో తీసినవాటిలో ఎగ్జిఫ్ ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు కాపీ చేసినా తేదీ చెదరదు. వాట్సాప్‌లో వచ్చినవాటిలో అది ఉండదు. స్క్రీన్‌షాట్లలోనూ చాలావాటికి ఉండదు. కంప్యూటర్ నుంచి కొత్త ఫోన్‌లోకి వేసినప్పుడు ఫైల్ తేదీ చాలాసార్లు కాపీ చేసిన రోజుకి మారిపోతుంది. అందుకే అవి మాత్రమే 'ఈ రోజు' కింద పడ్డాయి. మీ కొత్త ఫోన్‌లో అలా పడ్డవి తెరిచి వివరాలు చూడండి, దాదాపు అన్నీ వాట్సాప్ ఫోల్డర్‌వే అయి ఉంటాయి.

కానీ ఆ తేదీ పూర్తిగా పోలేదు, ఫైల్ పేరులో మిగిలే ఉంది. 'ఐఎంజీ-20190412-డబ్ల్యూఏ0007' అనే పేరు చూడండి. 20190412 అంటే 2019 ఏప్రిల్ 12. డబ్ల్యూఏ అంటే వాట్సాప్, చివరి 0007 ఆ రోజు వరస సంఖ్య. ఒక్క జాగ్రత్త: అది మీ ఫోన్‌కి ఆ ఫొటో చేరిన తేదీ, తీసిన తేదీ కానక్కర్లేదు. అయినా ఏడేళ్ళ ఫొటోలు ఒకే రోజు కింద కుప్పపడటం కంటే ఎంతో మేలు. కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పేరులోని ఆ ఎనిమిది అంకెలు చదివి, ఫైల్ లోపల 'తీసిన తేదీ'గా రాయమని దానికి చెప్పొచ్చు. పేరులో సమయం ఉండదు కాబట్టి అన్నిటికీ మధ్యాహ్నం 12 గంటలని ఇవ్వండి. అర్ధరాత్రి 00:00 ఇస్తే, టైమ్ జోన్ లెక్క వేసుకునే యాప్‌లలో కొన్ని ఫొటోలు ముందురోజుకి జారిపోతాయి. ఈ పని కంప్యూటర్‌లోని కాపీ మీదే చేయండి, ముందు పది ఫొటోల మీద చేసి చూడండి, సరిగ్గా వచ్చాక మిగతావి. కొత్త ఫోన్‌లోకి ఎక్కించడం ఆ తర్వాతే. గూగుల్ ఫొటోస్‌లోనూ తేదీ మార్చుకోవచ్చు గానీ, ఆ మార్పు ఆ యాప్ వరకే ఉంటుంది. ఫైల్ లోపల మారదు కాబట్టి రేపు ఇంకో ఫోన్‌కి వెళ్ళినప్పుడు మళ్ళీ మొదటికే వస్తుంది.

కాపీ మొదలుపెట్టే ముందు ఫొటోలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడాలి. గ్యాలరీ అన్నిటినీ ఒకే చోట చూపిస్తుంది, ఫోన్‌లో మాత్రం అవి చెల్లాచెదురుగా ఉంటాయి. కెమెరావి డీసీఐఎం ఫోల్డర్ లోపలి 'కెమెరా'లో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు కంపెనీని బట్టి డీసీఐఎంలోనో 'పిక్చర్స్'లోనో ఉంటాయి. ఎడిటింగ్ యాప్‌లు, ఇతర యాప్‌లు సేవ్ చేసినవి 'పిక్చర్స్'లోనే. బ్లూటూత్‌లో వచ్చినవి, బ్రౌజర్‌లో దించుకున్నవి 'డౌన్‌లోడ్', 'బ్లూటూత్' ఫోల్డర్లలో. వాట్సాప్‌వి అందరూ మర్చిపోయే చోట ఉంటాయి: ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఫోల్డర్ 'ఆండ్రాయిడ్', దాని లోపల 'మీడియా', దాని లోపల 'కామ్ డాట్ వాట్సాప్' అనే దారిలోకి వెళ్ళిపోయింది. పాత ఫోన్‌ అయితే బయటే 'వాట్సాప్' అనే ఫోల్డర్ కూడా ఉండొచ్చు. రెండూ చూడండి. మీరు పంపినవి 'సెంట్' అనే లోపలి ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో 'డాట్ నోమీడియా' అనే ఖాళీ ఫైల్ ఉంటుంది కాబట్టి గ్యాలరీకి అవి కనిపించవు. కాపీ చేస్తే మాత్రం వస్తాయి.

సెక్యూర్ ఫోల్డర్, లాక్డ్ ఫోల్డర్, ప్రైవేట్ సేఫ్ లాంటివాటిలో పెట్టినవి ఏ కేబుల్‌కీ చిక్కవు. వాటిని ముందు మామూలు గ్యాలరీలోకి తీసి, తర్వాత కాపీ చేయాలి. ఫోన్ రీసెట్ చేశాక పోయాయని బాధపడేవి ఎక్కువగా ఇవే.

మెమరీ కార్డ్ ఉంటే అది ఏ రకంగా వాడారో చూడండి. పోర్టబుల్‌గా, అంటే మామూలుగా తీసి పెట్టుకునేలా వాడిన కార్డ్‌ని తీసి కార్డ్ రీడర్‌లో పెడితే పని సులువు. ఆండ్రాయిడ్ 6 నుంచి కార్డ్‌ని ఇంటర్నల్ స్టోరేజ్‌గా మార్చుకునే వీలుంది. అలా మార్చిన కార్డ్ ఎన్‌క్రిప్ట్ అయి (ఇంకెవరూ చదవలేని రూపంలోకి మారి) ఆ ఒక్క ఫోన్‌తోనే ముడిపడుతుంది. దాన్ని తీసి కొత్త ఫోన్‌లో పెడితే 'ఫార్మాట్ చేయాలా?' అని అడుగుతుంది. సరే అన్నారా, ఫొటోలు పోయినట్టే. అలాంటి కార్డ్ పాత ఫోన్‌లో ఉండగానే కేబుల్‌తో కాపీ చేయాలి.

ఇక దారులు. కొత్త ఫోన్ ఇంకా సెటప్ చేయకపోతే అన్నిటికంటే తేలిక దారి ఇదే: మొదటిసారి ఆన్ చేసినప్పుడు పాత ఫోన్ నుంచి డేటా తెచ్చుకోమని అడిగే చోట రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలపండి. సామ్‌సంగ్‌కి స్మార్ట్ స్విచ్, షావోమీకి 'మీ మూవర్' (Mi Mover), వన్‌ప్లస్‌కి 'క్లోన్ ఫోన్' అనే యాప్‌లు ఉన్నాయి. స్మార్ట్ స్విచ్‌లో అందుకునే ఫోన్ గెలాక్సీ అయి ఉండాలి, పంపేది ఏదైనా ఫరవాలేదు. వీటిలో ఫైల్ తేదీలు సాధారణంగా నిలుస్తాయి కాబట్టి మీ పరిస్థితికి ఇదే నా మొదటి సలహా. ఇప్పటికే సెటప్ అయిపోయినా ఈ యాప్‌లు తర్వాత కూడా తెరుచుకుంటాయి, ప్రయత్నించండి. అయితే కొత్త ఫోన్‌లో ఇప్పటికే పడ్డ తప్పు తేదీల కాపీలని ముందు తీసేయండి, లేదంటే ప్రతిదీ రెండేసి అవుతుంది.

ఆ యాప్‌లు మధ్యలో ఆగిపోతుంటే కంప్యూటర్ మీదుగా చేయండి. నేనైతే కంప్యూటర్‌లో ఒక కాపీ మిగలాలని ఈ దారినే ఎక్కువగా ఎంచుకుంటాను. పాత ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి, తాళం తీసి, పైనుంచి నోటిఫికేషన్ లాగి, 'యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోంది' అనే చోట నొక్కి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోండి. అది ఎంచుకోకపోతే కంప్యూటర్‌లో ఫోన్ పేరు కనిపించినా లోపల ఖాళీగా ఉంటుంది. ఆ ఆప్షనే రాకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. కొన్ని కేబుళ్ళలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో పాటు వచ్చిన కేబుల్ వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

12,000 ఫైళ్ళని ఒకేసారి లాగకండి. ఫోన్‌తో కంప్యూటర్ మాట్లాడే ఎంటీపీ పద్ధతి చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే చతికిలబడుతుంది. 'లెక్కిస్తోంది' అని చూపిస్తూ అక్కడే ఆగిపోతుంది, లేదా ఎక్కడో ఒక ఫైల్ దగ్గర తెగిపోతుంది, ఎన్ని వచ్చాయో తెలియదు. నెలవారీగానో పేరు వరసలోనో వెయ్యి, పదిహేను వందల చొప్పున కాపీ చేయండి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో వాస్తవంగా సెకనుకి 30 ఎంబీ ప్రాంతంలో వస్తుంది. ఆ లెక్కన 60 జీబీకి అరగంట దాటాలి, కానీ చిన్న ఫైళ్ళ వల్ల గంట, గంటన్నర పెట్టుకోండి. మధ్యలో తెర ఆరిపోయి తాళం పడితే కొన్ని ఫోన్లలో కాపీ ఆగుతుంది. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద ఉండే బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే వచ్చే డెవలపర్ ఆప్షన్స్‌లో 'స్టే అవేక్' పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇప్పుడే తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో కనబడకపోతే కంగారు పడకండి. ఎంటీపీ తన జాబితాని వెంటనే సరిచేసుకోదు. ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ పెట్టండి.

పెన్ డ్రైవ్ మీదుగా చేసేవాళ్ళకి ఒక మాట. అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు. ఖాళీ చోటు ఎంత ఉన్నా సరే, పొడుగాటి 4కే వీడియో దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, ముందు అందులో ఉన్నవి తీసి పెట్టుకోండి.

కంప్యూటర్ లేకపోతే రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఫోన్లనే నేరుగా కలపొచ్చు. పాత ఫోన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' పెడితే కొత్త ఫోన్ ఫైల్స్ యాప్‌లో అది పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే యూఎస్‌బీ సెట్టింగ్‌లో ఏ ఫోన్ పెత్తనం చేయాలో మార్చి చూడండి. ఆండ్రాయిడ్‌లో పక్కనున్న ఫోన్‌కి కేబుల్ లేకుండా పంపే క్విక్ షేర్ కూడా ఫైల్‌ని కుదించదు, ఎగ్జిఫ్ చెరపదు. కొన్ని వందల ఫొటోల వరకు హాయిగా వెళ్తాయి, వేలు పెడితే మధ్యలో తెగుతుంది. అందుకున్నవి డౌన్‌లోడ్స్ లోపల పడతాయని గుర్తుంచుకోండి.

గూగుల్ ఫొటోస్ బ్యాకప్ గురించి కూడా అడిగారు. ఉచితంగా 15 జీబీయే, అదీ జీమెయిల్‌కీ డ్రైవ్‌కీ కలిపి. మీ 60 జీబీ పట్టదు. 'స్టోరేజ్ సేవర్' పెడితే 16 మెగాపిక్సెళ్ళ పైన ఉన్నవి కుదించుకుపోతాయి, వీడియోలు 1080పీకి దిగుతాయి. వాట్సాప్ ఫోల్డర్‌ని మీరు విడిగా ఆన్ చేస్తేనే అది ఎక్కిస్తుంది. బ్యాకప్ అయిన ఫొటోని ఆ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, 60 రోజులు మాత్రం ట్రాష్‌లో ఉంటుంది. ఫోన్‌లో చోటు ఖాళీ కావాలంటే డిలీట్ కాదు, 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కాలి.

మీ ఇంట్లో ఐఫోన్ కూడా ఉందన్నారు కాబట్టి రెండు ముక్కలు. ఐఫోన్‌లో 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉంటే అసలు ఫొటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఫోన్‌లో చిన్న రూపాలే ఉంటాయి. కేబుల్‌తో తీస్తే అన్నీ రావు. ముందు 'డౌన్‌లోడ్ అండ్ కీప్ ఒరిజినల్స్' పెట్టి, అన్నీ దిగేదాకా ఆగండి. విండోస్‌లో కాపీ మధ్యలో పరికరం పనిచేయడం లేదని ఎర్రర్ వస్తే, ఐఫోన్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో కింద ఉండే మ్యాక్ లేదా పీసీకి బదిలీ అనే చోట 'ఆటోమేటిక్' తీసి 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. ఫొటోని ఐఫోన్ వాడే హీక్ రకం నుంచి మామూలు జేపెగ్‌కి అప్పటికప్పుడు మార్చబోయి తడబడటమే ఆ ఎర్రర్‌కి మామూలు కారణం.

అంతా అయ్యాక సరిచూసుకోవడం గ్యాలరీ అంకెతో కాదు. గ్యాలరీ దాచిన ఫోల్డర్లని వదిలేస్తుంది, కొన్ని క్లౌడ్‌వి కలుపుతుంది. రెండు వైపులా ఫైల్ మేనేజర్‌లో ఒక్కో ఫోల్డర్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు పోల్చండి. సంఖ్య సరిపోయి సైజు తగ్గితే సగం కాపీ అయిన ఫైళ్ళున్నట్టు. సైజు వరసలో పెట్టి సున్నా కేబీ ఉన్నవి వెతకండి. ఆ తర్వాత అన్నిటికంటే పాత ఫొటో, అన్నిటికంటే పెద్ద వీడియో తెరిచి, వీడియోని చివరిదాకా జరిపి చూడండి. తెగిన వీడియో మొదట్లో బాగానే ఆడుతుంది, చివరికొచ్చేసరికి ఆగుతుంది.

పాత ఫోన్‌ని ఒక నెలైనా అలాగే ఉంచండి. మర్చిపోయిన ఫోల్డర్ ఏదో అప్పుడే గుర్తొస్తుంది. ఆ తర్వాత ఎవరికైనా ఇచ్చేటట్టయితే, రీసెట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయండి. అలా తీయకుండా, ఫోన్ ఆపి బటన్లతో తెరిచే రికవరీ మెనూ నుంచి నేరుగా రీసెట్ చేస్తే, తీసుకున్నవాళ్ళు ఆన్ చేసినప్పుడు మీ పాత అకౌంట్ పాస్‌వర్డే అడుగుతుంది.