ఆస్తమా ఉన్న అమ్మాయిని చేసుకుంటే పిల్లలకూ వస్తుందా?

మీ తమ్ముడికి చూసిన అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, పుట్టబోయే పిల్లలకూ వస్తుందా, సంబంధం ఖాయం చేసుకోవచ్చా అని అడిగారు. వచ్చే అవకాశం మామూలు కంటే కొంత ఎక్కువే. కానీ ఆ ఒక్క కారణంతో సంబంధం వదులుకుంటామంటే మాత్రం నేను ఒప్పుకోను.

మాది మిర్యాలగూడ. నాయిన రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి ఊక బూడిద పేరుకునే వాడలో పెరిగాం. ముగ్గురు పిల్లల్లో దమ్ము వచ్చింది మా అక్కకే. అదే తల్లి, అదే తండ్రి, అదే దుమ్ము. అయినా నాయనమ్మకు ఉండేది కాబట్టి రక్తంలోనే ఉందని చుట్టాలు తేల్చేశారు.

రక్తంలో ఉన్నమాట కొంతవరకు నిజమే. 17వ క్రోమోజోమ్ మీద ఓఆర్ఎండీఎల్3 జన్యువు ఉన్న చోటికీ పిల్లల ఆస్తమాకూ సంబంధం ఉందని 2007లో తేలింది. తర్వాత ఇంకా చాలా బయటపడ్డాయి. ఐఎల్-33 అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు సంగతే చూడండి. పొగో దుమ్మో తగిలి ఊపిరితిత్తుల లోపొర దెబ్బతింటే ఆ ప్రొటీన్ విడుదలవుతుంది. రోగనిరోధక కణాల మీదుండే ఎస్‌టీ2 అనే రిసెప్టర్ దాన్ని అందుకుని వాపు మొదలుపెడుతుంది. కొందరి ఇంటి కుక్క దొంగను చూసే కాదు, చుట్టాన్ని చూసీ మొరుగుతుంది. ఈ జన్యువుల్లో తేడాలున్నవాళ్ల ఊపిరితిత్తులూ అంతే.

అయితే అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. జన్యుపరంగా దగ్గరివాళ్లే. ఆమిష్ పిల్లలు పశువుల కొట్టాల్లో తిరుగుతూ పెరుగుతారు, హట్టరైట్లది యంత్రాల సేద్యం. 2016లో వచ్చిన అధ్యయనంలో హట్టరైట్ పిల్లలతో పోలిస్తే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా నాలుగో వంతే కనిపించింది. జన్యువుల కంటే పీల్చే గాలిదే పెత్తనమని నేను గట్టిగా నమ్మేది అందుకే. అలాగని ఊక బూడిద మంచిదనుకోకండి. కొట్టంలోని దుమ్ము వేరు, అది వేరు.

అక్క పెళ్లిచూపుల రోజు అమ్మ ఇన్‌హేలర్‌ను బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. ఇల్లంతా సాంబ్రాణి పొగ. అక్క టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని వచ్చేసరికే పిల్లికూతలు మొదలయ్యాయి. చాప మీద కూర్చుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పేరు అడిగితే సగంలోనే మాట తెగిపోయింది. "జలుబు చేసింది" అంది అమ్మ. తాళంచెవి అడిగితే నాకు కళ్లతోనే వద్దని సైగ చేసింది. ఆమె కొంగున ఉన్న చెవి లాక్కుని, బీరువా తీసి, అందరి ముందూ అక్క చేతిలో ఇన్‌హేలర్ పెట్టాను. ఆ సంబంధం పోయింది. పోనీ! తర్వాతి సంబంధానికి ముందే చెప్పాం. బావ ఒప్పుకునే చేసుకున్నాడు. వాళ్ల పెద్దోడికి ఆస్తమా వచ్చింది, చిన్నదానికి రాలేదు. పెద్దోడు ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకునే కబడ్డీ ఆడతాడు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మన ఊళ్లలో ఎవరు పుట్టించారో గానీ ఎందరి ప్రాణాల మీదికో తెచ్చారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు సాల్బుటమాల్ ఒక్కసారి పీలిస్తే వెళ్లేది 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 రెట్లు. చేతులు వణికించే మాత్రకు లేని భయం ఇన్‌హేలర్‌కు ఎందుకు? దమ్ము ఎక్కువైతే ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకుంటారు, రోజూ పీల్చాల్సిన కొద్దిపాటి స్టెరాయిడ్ మాత్రం మానేస్తారు. వాపును అదుపులో ఉంచేది అదే.

ఆ అమ్మాయి రోజువారీ ఇన్‌హేలర్ వాడుతుంటే మీ ఇంట్లో దాచుకోకుండా వాడనివ్వండి. గర్భం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ల మాట విని మందు ఆపేయనివ్వకండి. ఇంకో మాట. ఇందాక చెప్పిన 17వ క్రోమోజోమ్ ముప్పు, పసితనంలో సిగరెట్ పొగ పీల్చిన పిల్లల్లో మరింత ఎక్కువగా కనిపించిందని 2008లో తేలింది. మీ తమ్ముడు సిగరెట్ తాగుతాడో లేదో మీరు రాయలేదు. అమ్మాయి తరఫువాళ్లు మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న అది.