600 సీడీలకు మ్యూజిక్ సర్వర్
మీ దగ్గర 600 కర్ణాటక సంగీతం సీడీలు, యూఎస్‌బీ ఉన్న మంచి డాక్ (డిజిటల్ సంకేతాన్ని ఆడియో సంకేతంగా మార్చే పెట్టె) ఉన్నాయని, ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు తంబురా శ్రుతిని పాడుచేస్తోందని రాశారు. అయితే ఫ్యాన్ లేని, సీడీని తనే కాపీ చేసుకుని, లోపలి డిస్కులో దాచి వినిపించే సర్వర్ తీసుకోండి. ఇన్నుయోస్ కంపెనీ జెన్ మినీ అలాంటిదే. లోపలి డాక్ కోసం ఎక్కువ ఖర్చు పెట్టడం మీకు అనవసరం, మీ దగ్గర ఉన్నదే చాలు.

డిస్కు గురించి కంగారు వద్దు. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైళ్లుగా మారిస్తే సీడీకి సుమారు 300 నుంచి 400 మెగాబైట్లు పడుతుంది. 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీలో అన్నీ పట్టి ఇంకా చాలా మిగులుతుంది.

అసలు కష్టం పాటల వివరాల దగ్గర వస్తుంది. ఇంటర్నెట్ నుంచి దిగే సమాచారంలో తరచూ గాయకుడి చోట త్యాగరాజస్వామి పేరు ఉంటుంది, రాగం ఊసే ఉండదు. వాటిని ఓపికగా సరిదిద్దుకోవాల్సిందే. అందుకే కొనేముందు దుకాణానికి మీ కచేరీ సీడీ ఒకటి పట్టుకెళ్లండి. దాన్ని ఎక్కించి, రాగం పేరు చేర్చి వెతికి చూడండి. ఆలాపన ఒక ట్రాకులో, కీర్తన తరువాతి ట్రాకులో ఉన్నచోట మధ్యలో క్షణమైనా తెగితే ఆ పెట్టె వద్దు.

కాపీలన్నీ మరో డిస్కులో కూడా దాచండి. సీడీలను మాత్రం పారేయకండి.