ఈపీఏబీఎక్స్‌లో పీఆర్ఐ కార్డు బిగించే ముందు

నాయనా,

నడుస్తున్న ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు లోపలి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో) కొత్తగా పీఆర్ఐ కార్డు, అంటే ఒకే డిజిటల్ లైన్ మీద 30 కాల్స్ నడిపే కార్డు, పెట్టే పని నీకు అప్పజెప్పారని రాశావు. కార్డును స్లాట్‌లో కూర్చోబెట్టడం అయిదు నిమిషాల పని. తిప్పలన్నీ ఆ తర్వాతే.

ముందుగా ఉన్న ప్రోగ్రామింగ్ మొత్తం బ్యాకప్ తీసి, ఆ ఫైలు నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడు. కార్డుకు తగిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ సీపీయూలో ఉందా, లైసెన్సు ఎన్ని ఛానెళ్లకు ఉంది, ఆ స్లాట్ ఈ రకం కార్డును ఒప్పుకుంటుందా అనేవి మాన్యువల్లో సరిచూసుకో. ఇవి కుదరకపోతే లైట్లు వెలుగుతాయి కానీ ప్రోగ్రామింగ్‌లో కార్డు కనపడదు. అప్పుడు కార్డే పాడైందనుకుని తిప్పి పంపేసేవాళ్లు చాలామంది.

పవర్ ఉండగానే కార్డు మార్చవచ్చని మాన్యువల్ చెబితే తప్ప ఆ సాహసం చెయ్యకు. మెయిన్స్ ఒక్కటే ఆపితే చాలదు, వెనక బ్యాటరీ ఉంటే అదీ తప్పించాలి. మణికట్టుకు యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకుని, దాని క్లిప్పు ఛాసిస్ లోహానికి తగిలించు. కార్డు రెండు అంచులూ గైడ్లలో సమానంగా జారాలి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టకు, బయటికి లాగి టార్చి వేసి చూడు. కార్డులన్నీ వెళ్లి కూర్చునే వెనక బోర్డులో (బ్యాక్‌ప్లేన్‌లో) ఒక్క పిన్ను వంగినా ఆ స్లాటే పోతుంది.

ఇక కేబుల్. పీఆర్ఐ నడిచే డిజిటల్ లైన్‌ను ఈ1 అంటారు. ఈ1 పోర్టులో సాధారణంగా 1, 2 పిన్నులు రిసీవ్, 4, 5 ట్రాన్స్‌మిట్. నాలుగు తీగలే ఉన్న చవక కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్‌లో 1, 2, 3, 6 మాత్రమే ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. కంప్యూటర్ నెట్‌వర్క్ క్రాస్ కేబులూ పనికిరాదు. ఈ1కి క్రాస్ కావాలంటే 1ని 4కి, 2ని 5కి కలపాలి. జంట తీగలైతే 120 ఓమ్‌లు, కోయాక్సియల్ అయితే 75 ఓమ్‌లు. రెండూ కలిసేచోట వాటిని జతకుదిర్చే చిన్న పరికరం, బేలన్, తప్పనిసరి.

సిగ్నల్ రావడం లేదని అలారం వస్తే మన రిసీవ్ జంట చూడు. రిమోట్ అలారం వస్తే అవతలివాళ్లకు మన సిగ్నల్ అందడం లేదని అర్థం, మన ట్రాన్స్‌మిట్ జంటను అనుమానించు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం తగాదాలు తెగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసింది క్లాక్. ఈ1లో సెకనుకు 8000 ఫ్రేములు, ఒక్కోటి 125 మైక్రోసెకన్లు. మన ఎక్స్‌ఛేంజ్ తన సొంత గడియారం మీద నడిచి, టెలిఫోన్ కంపెనీ నెట్‌వర్క్ ఇంకో గడియారం మీద నడిస్తే ఫ్రేములు తప్పిపోవడమో, రెండుసార్లు రావడమో జరుగుతుంది. దాన్నే స్లిప్ అంటాం. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే సుమారు రెండు నిమిషాలకో స్లిప్. యాభై వంతుల తేడా ఉంటే రెండున్నర సెకన్లకే ఒకటి. మాటల్లో అది చిన్న టక్కుమనే చప్పుడే, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఫ్యాక్స్ మాత్రం మధ్యలోనే తెగిపోతుంది. అందుకే నెట్‌వర్క్‌కు కలిసే పోర్టునే క్లాక్ మూలంగా పెట్టు, సొంత గడియారం మీద వదిలెయ్యకు. రెండు ఈపీఏబీఎక్స్‌లను నేరుగా కలిపితే ఒకటి క్లాక్ ఇవ్వాలి, రెండోది తీసుకోవాలి.

ఇలా నేరుగా కలిపినప్పుడే సెట్టింగ్‌లో ఒక వైపు నెట్‌వర్క్, రెండో వైపు యూజర్ అని కూడా పెట్టాలి. రెండూ యూజర్ అయితే అలారమేమీ లేకుండానే డీ ఛానెల్ (కాల్స్ కలిపే సంకేతాలు నడిచే ఛానెల్) పైకి రాదు, కాల్స్ వెళ్లవు. లైన్‌లో తప్పులు పట్టే సీఆర్‌సీ-4 సెట్టింగ్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. డీఐడీ (బయటివాళ్ల కాల్ నేరుగా ఎక్స్‌టెన్షన్‌కే మోగే సౌకర్యం) కోసం అవతలి నుంచి ఎన్ని అంకెలు వస్తాయో ముందే అడిగి రాసుకో. నాలుగు వస్తుంటే మూడింటికి ప్రోగ్రాం చేస్తే కాల్స్ అన్నీ ఆపరేటర్ దగ్గరికి పోవడమో, తప్పు ఎక్స్‌టెన్షన్ మోగడమో జరుగుతుంది.

పని అయ్యాక ఒక్క కాల్ చేసి వచ్చేయకు. 30 ఛానెళ్లనూ ఒక్కొక్కటిగా పట్టి మాట్లాడి చూడు, లోపలికీ బయటికీ. కాలర్ నంబర్ సరిగా చేరుతోందా చూడు, చాలా పేజీల ఫ్యాక్స్ ఒకటి పంపు. తర్వాత ఎర్రర్ కౌంటర్లన్నీ సున్నా చేసి, 24 గంటలు నడవనిచ్చి మళ్లీ చూడు. స్లిప్ కౌంటర్ ఒక్క అంకె కదిలినా ముందుగా క్లాక్ సెట్టింగే తెరువు.